కాగితం మీద లెక్క, ఆకలితో ఉన్న మనిషి

ఆరోగ్యము - విశ్వాసము: అధ్యయన పాఠము
చదువవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 1:15-21, 1 రాజులు 21:1-14



హత్య అనగానే మనకు కత్తి, తుపాకి గుర్తుకు వస్తాయి. మన సీమలోనైతే బాంబులు కూడా గుర్తుకు వస్తాయి. కానీ గత నూట యాభై ఏళ్ళలో లక్షలమంది ఒకేసారి చనిపోయిన సందర్భాలు చూస్తే, అక్కడ ఆయుధాలకంటే ముందు కాగితాలు కదిలాయి. జాబితాలు రాశారు. భత్యం పట్టికలు వేశారు. ఫారాలు నింపారు. కింద సంతకాలు పెట్టారు. రాసినవాళ్ళు చదువుకున్నవాళ్ళు, ఇంటికి వెళ్ళి పిల్లలతో కలిసి భోజనం చేసే మామూలు ఉద్యోగులు.

ఈ పాఠంలో రెండు సంగతులు చూద్దాము. ఒకటి మన కడప జిల్లాలో మన ముత్తాతల తాతల కాలంలో జరిగింది. రెండవది జర్మనీ దేశంలో రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జరిగింది. ఈ రెండూ ఒకటి కావు. ఆ తేడా కూడా చెప్పుకుందాము. అయితే రెండిటిలోనూ ఒకే పాఠం ఉంది. ఆసుపత్రికి వచ్చే రోగులకు, ఆసుపత్రిలో పనిచేసే వారికి, సంఘ కుటుంబాలకు అది ఈనాటికీ అవసరమైన పాఠం.

1. ధాత కరువు

1876లో వానలు పడలేదు. ఆ సంవత్సరం పేరు ధాత. అందుకే పెద్దలు దానిని ధాత కరువు అంటారు. కడప, కర్నూలు, బళ్ళారి, నెల్లూరు జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. జొన్న, కొర్ర, రాగి ఏదీ చేతికి రాలేదు. 1877లో కూడా వానలు సరిగా పడక కరువు 1878 దాకా సాగింది.

అప్పటికే మద్రాసు నుంచి రాయచూరు వరకు రైలు మార్గం పూర్తయింది. అది మన జిల్లా మీదుగానే పోతుంది. కాబట్టి ధాన్యం తేవడానికి దారి లేదని చెప్పలేము. ధాన్యం వచ్చింది కూడా. కానీ ధర ఆకాశానికి అంటింది. కూలివాడి చేతిలో డబ్బు లేదు. ధరల్లో ప్రభుత్వం జోక్యం చేసుకోకూడదు, వ్యాపారానికే వదిలేయాలి అన్నది అప్పటి పాలకుల సిద్ధాంతం. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ 30,000 టన్నుల ధాన్యం కొనిపిస్తే, పై ప్రభుత్వం ఆయనను తప్పుబట్టింది. అదే సమయంలో, 1877 జనవరి 1న, ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ ప్రభువు విక్టోరియా రాణిని భారతదేశపు చక్రవర్తినిగా ప్రకటిస్తూ పెద్ద దర్బారు జరిపాడు.

బ్రిటిషు పాలనలోని ప్రాంతాలలో ఈ కరువు 50 లక్షలకు పైగా ప్రాణాలు తీసిందని లెక్క. మన జిల్లా సంగతి జనాభా లెక్కలే చెబుతాయి. 1871లో కడప జిల్లాలో సుమారు 13 లక్షల 50 వేల మంది ఉండేవారు. పదేళ్ళలో జనం పెరగాలి కదా. 1881లో లెక్కిస్తే సుమారు 11 లక్షల 20 వేల మందే తేలారు. చచ్చిపోయినవాళ్ళు పోగా, ఊరు విడిచి వలస వెళ్ళినవాళ్ళు కూడా ఇందులో ఉన్నారు.

2. ఒక పౌను లెక్క

కరువు పనులకు ప్రభుత్వం పెట్టే ఖర్చు పెరిగిపోతున్నదని లిట్టన్ ప్రభువు సర్ రిచర్డ్ టెంపుల్ అనే ఉన్నతాధికారిని 1877 జనవరిలో మద్రాసు రాష్ట్రానికి పంపాడు. ఈ టెంపుల్ చేతకానివాడు కాదు. 1874లో బీహారులో కరువు వస్తే బర్మా నుంచి బియ్యం తెప్పించి, చావులు దాదాపు లేకుండా కాపాడినవాడు ఈయనే. అయితే అంత డబ్బు వృథా చేశాడని అప్పట్లో అందరూ ఆయనను నిందించారు. మద్రాసుకు వచ్చేటప్పటికి ఆయన మనసులో ఆ నింద ఉంది. ఈసారి ఖర్చు తగ్గించి చూపించాలి.

అప్పటివరకు కరువు పనిలో రాళ్ళు కొట్టే, మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒకటిన్నర పౌన్ల ధాన్యానికి సరిపడే కూలి, పైన కొంచెం చిల్లర ఇచ్చేవారు. టెంపుల్ దానిని ఒక పౌను ధాన్యం, పైన కొంచెం చిల్లరకు తగ్గించాడు. ఆడవారికి, పిల్లలకు ఇంకా తక్కువ. ముందు పరీక్షగా చూద్దాము, చాలకపోతే పెంచుదాము అన్నది ఆయన వాదన. పెద్ద సంఖ్యలో జనాన్ని పనుల జాబితాల నుంచి తీసేశారు. సొంత ఊరికి పది మైళ్ళ లోపల పని ఇవ్వకూడదనే నియమం కూడా పెట్టారు. నిజంగా ఆకలిగా ఉన్నవాడైతే అంత దూరం నడిచి వస్తాడని వారి ఉద్దేశం. నిజంగా ఆకలిగా ఉన్నవాడు నడవలేడన్న సంగతి ఆ నియమం రాసినవారికి తోచలేదు.

ఒక పౌను అంటే సుమారు 450 గ్రాములు. జొన్నలైనా బియ్యమైనా దాని నుంచి వచ్చే శక్తి సుమారు 1,600 కేలరీలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం బరువైన పని చేసే మగమనిషికి రోజుకు సుమారు 3,470 కేలరీలు కావాలి. కూర్చుని పనిచేసే వాడికే 2,110 కావాలి. అంటే రోజంతా కంకర కొట్టేవాడికి, కుర్చీలో కూర్చునేవాడికి చాలినంత కూడా దొరకలేదు. ఆ చిల్లరతో ఆ ధరల్లో ఉప్పు, పప్పు, కట్టెలు ఎంత వస్తాయి?

3. డాక్టరు కార్నిష్ అభ్యంతరం

ఆ రోజుల్లో మద్రాసు ప్రభుత్వపు ఆరోగ్య శాఖాధికారి, అనగా శానిటరీ కమిషనరు, డాక్టర్ విలియం కార్నిష్. ఈయన కూడా ఉద్యోగే. ఈయనకూ పైన అధికారులున్నారు. కానీ ఈయన ఈ దేశపు కూలివాడు ఏమి తింటాడో, ఖైదీకి ఎంత పెడితే బరువు నిలుస్తుందో ఏళ్ళ తరబడి పరిశీలించిన వైద్యుడు. ఒక పౌను చాలదని ఆయన ప్రభుత్వానికి రాశాడు. పని చేసేవాడికి కనీసం ఒకటిన్నర పౌన్ల ధాన్యం, దానితో పప్పు, కూరగాయలు ఉండాలని వాదించాడు. టెంపుల్ సమాధానం రాశాడు. కార్నిష్ మళ్ళీ రాశాడు. ఇలా కాగితాల మీద పెద్ద వాదన నడిచింది.

కార్నిష్ చెప్పినదాంట్లో వైద్యపరంగా ముఖ్యమైన మాట ఒకటి ఉంది. తిండి చాలకపోతే మనిషి ఆ రోజే పడిపోడు. మెల్లగా కరుగుతాడు. వైద్యం తెలియనివాడు గుర్రం మీద వచ్చి ఒక పూట చూసిపోతే అది కనిపించదు. కనిపించేటప్పటికి ఆలస్యమైపోతుంది.

శరీరంలో జరిగేది ఇది. మొదట కొవ్వు ఖర్చవుతుంది. తరువాత కండ కరుగుతుంది. పేగు లోపలి పొర పలచబడిపోతుంది. అప్పుడు తిన్నది కూడా ఒంటికి పట్టదు, విరేచనాలు పట్టుకుంటాయి. పాదాలు, ముఖం ఉబ్బుతాయి. చూసేవాళ్ళు ఒళ్ళు చేశాడని భ్రమపడతారు. రోగాన్ని ఎదిరించే శక్తి పోతుంది. కలరా, మశూచి, జ్వరాలు వచ్చి ప్రాణం తీస్తాయి. ధాత కరువులో జరిగింది ఇదే. చావుల పుస్తకంలో కరణం రాసేది కలరా, విరేచనాలు, జ్వరం అని. ఆకలి అనే మాట పుస్తకంలోకి తక్కువగా ఎక్కింది. పుస్తకం చూసినవారికి అది కరువు చావుగా కనపడలేదు.

చివరికి 1877లోనే మద్రాసు ప్రభుత్వం కూలి కొంత పెంచి, పప్పు కూడా చేర్చింది. కార్నిష్ అడిగినంత ఇవ్వలేదు. అప్పటికే చాలా ఆలస్యమైపోయింది. కరువు తరువాత ఏర్పడిన విచారణ సంఘం 1880లో నివేదిక ఇచ్చింది. 1883లో కరువు నియమావళి వచ్చింది. వానలు తప్పితే ఏ అధికారి ఏమి చేయాలో ముందుగానే రాసి ఉంచుకోవడం అప్పటి నుంచి మొదలైంది.

4. జర్మనీలో బల్లల వెనుక

ఇప్పుడు రెండవ సంగతికి వద్దాము. 1933లో జర్మనీలో హిట్లరు అధికారంలోకి వచ్చాడు. ఆ ఏడాది ఏప్రిల్ 7న వచ్చిన ఒక చట్టంతో యూదులను ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తొలగించడం మొదలుపెట్టారు. పక్క బల్ల దగ్గర పనిచేసేవాడు ఒక రోజు కనపడలేదు. మిగిలినవారు తమ పని తాము చేసుకున్నారు. 1935లో యూదుల పౌరసత్వపు హక్కులు తీసేసిన చట్టాలు వచ్చాయి. ఎవడు యూదుడో తేల్చే లెక్కలు గుమాస్తాలు వేశారు. పన్నుల శాఖవారు వారి ఆస్తులు రాసుకున్నారు.

1942 జనవరి 20న బెర్లిన్ పక్కన వాన్‌జే అనే చోట ఒక సమావేశం జరిగింది. హాజరైనవారు 15 మంది. వారిలో పలువురు మంత్రిత్వ శాఖల కార్యదర్శుల స్థాయి వారు. ఎనిమిది మందికి డాక్టరేటు పట్టాలున్నాయి. ఐరోపాలోని యూదులందరినీ అంతం చేసే పనిలో ఏ శాఖ ఏమి చేయాలో సుమారు గంటన్నరలో మాట్లాడుకున్నారు. చంపడం అప్పటికే మొదలైంది. ఆ సమావేశం దానిని శాఖల మధ్య సర్దింది. జర్మన్ రైల్వేవారు చావు శిబిరాలకు వెళ్ళే రైళ్ళకు కూడా టిక్కెట్టు లెక్క కట్టారు. మనిషికి కిలోమీటరుకు 4 ఫెన్నిగులు. పదేళ్ళ లోపు పిల్లలకు సగం. నాలుగేళ్ళ లోపు వారికి ఉచితం. 400 మందికి మించితే రాయితీ. ఆ లెక్క వేసిన గుమాస్తా ఎవరినీ కొట్టలేదు. మొత్తం మీద 60 లక్షల మంది యూదులు చంపబడ్డారు.

ఆసుపత్రివారమైన మనము మరింత శ్రద్ధగా వినవలసిన భాగం ఇంకొకటి ఉంది. యూదులకంటే ముందే, 1939 చివర నుంచి, మానసిక రోగులను, బుద్ధిమాంద్యం గలవారిని, మూర్ఛ రోగులను చంపే పథకం మొదలైంది. దాని కార్యాలయం బెర్లిన్‌లో టియర్‌గార్టెన్ వీధి నాలుగో నంబరు ఇంట్లో ఉండేది. అందుకే దానికి టి4 అని పేరు. ఆంతరంగిక మంత్రిత్వ శాఖ ఆసుపత్రులకు ఒక ఫారం పంపింది. రోగం ఏమిటి? ఎన్నేళ్ళ నుంచి ఇక్కడ ఉన్నాడు? పని చేయగలడా? చూడడానికి ఎవరైనా వస్తారా? ఇవి అందులోని ప్రశ్నలు. నింపిన ఫారాలను డాక్టర్లు చదివి, రోగిని ఒక్కసారి కూడా చూడకుండా గుర్తు పెట్టేవారు. ఎర్ర రంగు ప్లస్ గుర్తు పడితే చావు. నీలం మైనస్ గుర్తు పడితే బ్రతుకు.

1941 ఆగస్టు నాటికి ఇలా 70,273 మందిని గ్యాసుతో చంపినట్లు వారి సొంత లెక్కలే చెబుతున్నాయి. బంధువులకు న్యుమోనియా అనో మరొకటనో తప్పుడు కారణంతో మరణ పత్రం పంపేవారు. ఆ తరువాత కూడా చంపడం ఆగలేదు. మందులతో, ఆకలితో ఆసుపత్రులలోనే సాగింది. 1942 నవంబరు 30న బవేరియా రాష్ట్రపు ఆంతరంగిక శాఖ ఒక ఉత్తర్వు పంపింది. పని చేయగలిగిన రోగులకు మంచి తిండి, మిగిలినవారికి తక్కువ తిండి పెట్టమని దాని సారాంశం. కూరగాయలు ఉడికించిన నీళ్ళతో ఎందరో వార్డులలోనే కృశించి చనిపోయారు. ఆ ఫారాలు నింపిన ఆశ్రమాలలో క్రైస్తవ సంఘాలు నడిపినవి కూడా ఉన్నాయి. మన వంటి మిషను సంస్థలు దీనిని మరువకూడదు.

5. తేడా, పోలిక

టెంపుల్ జనాన్ని చంపాలని కోరలేదు. తక్కువ ఖర్చుతో బ్రతికించవచ్చని అనుకున్నాడు. హెచ్చరించినా వినలేదు. జర్మనీలో చంపడమే ఉద్దేశం. ఈ రెండింటినీ ఒకే త్రాసులో వేయడం న్యాయం కాదు.

కానీ ఉద్యోగి మనసులో జరిగేది రెండు చోట్లా ఒకటే. మొదట మనిషి సంఖ్య అవుతాడు. తరువాత పని ముక్కలవుతుంది. ఒకడు జాబితా రాస్తాడు, ఒకడు సంతకం చేస్తాడు, ఒకడు బండి తోలుతాడు. ఎవరికి వారు నాది చిన్న పనే అనుకుంటారు. చివరికి పై నుంచి వచ్చిన ఉత్తర్వు అనే మాటతో మనస్సాక్షిని నిద్రపుచ్చుతారు.

బైబిలులో నాబోతు కథ చూడండి. ద్రాక్షతోట కోసం యెజెబెలు ఆహాబు పేరుతో తాకీదులు రాసి, రాజముద్ర వేసి, ఆ ఊరి పెద్దలకు పంపించింది. పెద్దలు నాబోతును ఎరిగినవారే. ఒకే ఊరివారు. ఆ ఆరోపణ అబద్ధమని వారికి తెలుసు. అయినా కాగితం మీద ఉన్నట్లే చేశారు. నాబోతు రాళ్ళ దెబ్బలతో చనిపోయాడు. రాణి రాసింది కొన్ని మాటలే. పని అంతా చేసింది ఊరి పెద్దలు.

6. కాదన్నవారు

ఎదురు చెప్పితే ప్రాణం పోతుంది, ఏమి చేస్తాము అంటారు. జర్మనీలోనే ఒక మనిషి సంగతి వినండి. లోథార్ క్రైసిగ్ బ్రాండెన్‌బర్గ్ పట్టణంలో న్యాయాధికారి. సొంతంగా వ్యవహరించుకోలేని రోగులకు సంరక్షణ చూసే కోర్టు ఆయనది. హిట్లరు పెత్తనాన్ని అంగీకరించని ప్రొటెస్టెంటు సంఘంలో ఆయన సభ్యుడు. తన పుస్తకంలో ఉన్న రోగులు వరుసగా చనిపోతున్నట్లు ఆయన గమనించాడు. 1940 జులైలో న్యాయశాఖ మంత్రికి రాశాడు. తన అనుమతి లేకుండా తన సంరక్షణలోని రోగులను ఎక్కడికీ పంపరాదని ఆశ్రమాలకు ఉత్తర్వులిచ్చాడు. పథకం నడిపే పెద్ద అధికారి మీద హత్యానేరం ఫిర్యాదు చేశాడు. మంత్రి ఆయనను పిలిపించి హిట్లరు సంతకం ఉన్న కాగితం చూపించాడు. అయినా క్రైసిగ్ లొంగలేదు. ఉద్యోగం పోయింది. ప్రాణం పోలేదు. తన పొలంలో వ్యవసాయం చేసుకుంటూ, యుద్ధ కాలంలో ఇద్దరు యూదు స్త్రీలను దాచి కాపాడాడు. 1986 వరకు జీవించాడు.

అతని చేతిలో ఉన్నదీ రిజిస్టరే. దానిలోని పేర్ల వెనుక మనుషులున్నారని మరచిపోలేదు, అంతే.

మన తెలుగు సంఘాలకు బాగా తెలిసిన ఒంగోలు క్లౌ దొరగారి సంగతి కూడా ధాత కరువు నాటిదే. కరువు పనులలో మేస్త్రీల కొరడాలు, కూలిలో కోతలు చూసి, ఆయన బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ త్రవ్వకం తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. పేదలకు, ముఖ్యంగా మాదిగ కుటుంబాలకు, పూర్తి కూలి అందేటట్లు చేశాడు. కూటి కోసం మతం మారారనే మాట రాకూడదని కరువు సాయం జరిగినంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. తరువాత 1878 జులై 3న ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి పెద్దలకు తెలుసు.

అందరికంటే ముందు షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానులు. ఫరో వారికి ఇచ్చిన ఆజ్ఞ స్పష్టమైనది. మగబిడ్డ పుడితే చంపాలి. వారు సైన్యం కూర్చలేదు. ఉపన్యాసం ఇవ్వలేదు. దేవునికి భయపడి బిడ్డలను బ్రతకనిచ్చారు. ఆ ఫరో పేరు గ్రంథంలో లేదు. ఆ మంత్రసానుల పేర్లు ఉన్నాయి.

7. మనకు వర్తింపు

ఆసుపత్రి సిబ్బందికి: ఓపీ చీటీ రాసేటప్పుడు ఒక్కసారి తల ఎత్తి ముఖం చూడండి. మంచం నంబరుతో కాక పేరుతో పిలవండి. రోగి బరువు ప్రతిసారీ తూచి రాయండి. కార్నిష్ గారు అడిగింది ఇదే. కాగితాన్ని కాదు, శరీరాన్ని చూడమన్నాడు. మరణ కారణం రాసేటప్పుడు వెనుక ఆకలి, తాగుడు, దెబ్బలు ఉంటే మరుగున పెట్టకండి.

తల్లులకు, సంఘ కుటుంబాలకు: ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే అది ప్రమాదం. అంగన్‌వాడీలో లేదా ఆసుపత్రిలో కొలిపించండి. రెండు పాదాలు ఉబ్బినా వెంటనే తీసుకురండి. చాలా రోజులు తిండి లేక చిక్కిపోయిన మనిషికి జాలిపడి ఒక్కసారే కడుపునిండా పెట్టకండి. అది గుండెకు ప్రమాదం. పలచని గంజి కొంచెం కొంచెంగా ఇస్తూ డాక్టరుకు చూపించండి.

రోగులకు: మీ పేరు పుస్తకంలో సరిగా ఎక్కిందో లేదో అడగడం మీ హక్కు. టీబీ రోగుల పోషణకు ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తున్నది. ఒక్క అంకె తప్పు పడితే ఆ డబ్బు రాదు. గుడ్డు, పప్పు లేక మందు సరిగా పనిచేయదు. సిగ్గుపడకుండా అడగండి. చదువు వచ్చిన యౌవనస్థులు చదువు రాని వారి వెంట వెళ్ళండి.

ఉద్యోగులైన విశ్వాసులకు: మీరు సచివాలయంలో ఉన్నా, రేషను దుకాణంలో ఉన్నా, బ్యాంకులో ఉన్నా, ఒక పేరు కొట్టివేసే ముందు ఆ ఇల్లు ఎవరిదో కనుక్కోండి. తప్పు ఉత్తర్వు వస్తే కార్నిష్ వలె కారణాలు చూపి కాగితం మీదే అభ్యంతరం రాయండి. ఒక్కసారి రాసి ఊరుకోకండి.

చర్చించుటకు ప్రశ్నలు

1. నాబోతు ఊరి పెద్దలలో ఒక్కడు కాదని ఉంటే ఏమి జరిగి ఉండేది?
2. మంత్రసానులు ఫరోకంటే ఎవరికి ఎక్కువ భయపడ్డారు? ఆ భయం వారికి ధైర్యం ఎలా ఇచ్చింది?
3. టెంపుల్ ఒకసారి మంచి చేసి నింద పొందాడు. నిందకు భయపడి మనము మంచి మానుకున్న సందర్భాలున్నాయా?
4. మన వీధిలో రేషను కార్డు గాని, పింఛను గాని ఆగిపోయిన వృద్ధులు ఎవరు? ఈ వారం వారి ఇంటికి ఎవరు వెళ్తారు?

ప్రార్థన: ప్రభువా, మా చేతిలో నీవు పెట్టిన కలము ఎవరి ప్రాణానికీ కీడు చేయకుండ కాపాడుము. మా పుస్తకాలలోని ప్రతి పేరు వెనుక నీవు చేసిన మనిషిని చూచు కన్నులు మాకు దయచేయుము. ఆమేన్.